విదేశీ యవ్వారాల డిగ్రీ

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో రాజనీతి శాస్త్రం చెప్పాను. అందులో అంతర్జాతీయ సంబంధాలన్నది ఒక పేపరు. ఏటా నేను శ్రద్ధగా చెప్పేదాన్ని, ఏటా పిల్లలు శ్రద్ధగా బట్టీపట్టేవారు. ఇన్నేళ్లలో నేను స్వయంగా దాటిన సరిహద్దు ఒక్కటే, ఇచ్ఛాపురం తర్వాత వచ్చే ఒడిశా సరిహద్దు. అక్కడ నన్నెవరూ ఆపలేదు. బరంపురంలో పట్టుచీర కొనుక్కుని సాయంత్రానికి వచ్చేశాను.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకులు కొందరు కలిసి, కొత్త కోర్సు తయారు చేయడంలో నా అనుభవం రాసిమ్మన్నారు. నేను తయారు చేసిన కోర్సు ఒక్కటేననీ, అదీ మంజూరు కాలేదనీ చెప్పాను. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. కాబట్టి రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. ఒకాయన అయితే పేరు వల్లే నానా అవస్థా పడ్డాడు, ఆయన్ని మళ్లీ పేరుపెట్టి ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

నాది నెల్లిమర్ల. ఆఖరి పోస్టింగు మాత్రం శ్రీకాకుళం జిల్లాలో, కోటబొమ్మాళికి అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న పట్టణంలో పడింది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. ఆ వయసులో ఎవరూ కొత్త పనులు నెత్తికెత్తుకోరు, పాత ఫైళ్లు సర్దుకుంటారు. నేనూ అదే పనిలో ఉండగా ఒకరోజు ప్రిన్సిపాల్ పిలిచారు. ఆయనది రసాయన శాస్త్రం, ఊరు గుంటూరు వైపు. దేన్నయినా ఏదో ఒక గొట్టంలో పోసి చూడాలనే స్వభావం.

“మేడం, పై నుంచి ఉత్తర్వు వచ్చిందండి. ప్రతి కాలేజీ ఒక కొత్త డిగ్రీ ప్రతిపాదించాలట. పక్క కాలేజీ వాళ్లు ఆక్వాకల్చర్ పట్టుకుపోయారు. ఆ పక్కవాళ్లు డేటా సైన్స్ తీసుకున్నారు. మనకేం మిగిలిందా అని చూస్తే, మీ దగ్గర అంతర్జాతీయం ఉంది కదండీ.”

“ఒక పేపరుందండి.”

“అదేనండి. దాన్ని మూడేళ్లకు సాగదీయాలి.”

అలా మా కాలేజీలో బి.ఎ. అంతర్జాతీయ అధ్యయనాలకు బీజం పడింది. ముగ్గురితో కమిటీ వేశారు. నేను, చరిత్ర మాస్టారు, ఇంగ్లీషు చెప్పే గెస్ట్ లెక్చరర్ అమ్మాయి. చరిత్ర మాస్టారు ఈ ప్రాంతం మనిషే. ఆయన దగ్గర చదవని ఉద్యోగి ఆ చుట్టుపక్కల ఏ ఆఫీసులోనూ లేడు. ఇంగ్లీషు అమ్మాయికి పాతికేళ్లుంటాయి. ఏటా జూన్‌లో తన ఉద్యోగం ఉందో లేదో తెలియని స్థితిలో ఉంటూ, మా ముగ్గురిలో ఎక్కువ పని చేసేది ఆమే.

పెద్ద నగరాల విశ్వవిద్యాలయాల సిలబస్‌లు దింపుకుని ముందు పెట్టుకున్నాం. దౌత్యశాస్త్రం, ప్రపంచ పాలన, యూరప్ సమైక్యత, అణ్వస్త్ర నియంత్రణ, ఇలా అన్నీ కూర్చాం. మూడో సెమిస్టరులో ఒక విదేశీ భాష ఉండాలి. ఫ్రెంచ్ అని రాశాను. మా కాలేజీలో ఫ్రెంచ్ తెలిసినవాళ్లు ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఇంగ్లీషు అమ్మాయి ఇంటర్‌లో మార్కుల కోసం ఫ్రెంచ్ తీసుకుందట. మార్కులు వచ్చాయి గానీ భాష రాలేదంది.

“ఒరియా పెట్టండి మేడం. బస్సెక్కితే చాలు, పనికొస్తాది” అన్నారు చరిత్ర మాస్టారు.

నేను నవ్వి, ఫ్రెంచే ఉంచాను.

ఉద్యోగావకాశాలు అనే గడిలో ఐక్యరాజ్యసమితి, రాయబార కార్యాలయాలు, అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థలు అని రాశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివి, “కోటబొమ్మాళిలో రాయబార కార్యాలయం ఎప్పుడు తెరుస్తన్నారు?” అని అడిగారు. ఆ గడి నింపడం తప్పనిసరి అని చెప్పాను. అది నిజమే. ఉద్యోగం ఉందా లేదా అని ఎవరూ అడగరు, గడి నిండిందా లేదా అనే అడుగుతారు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ కోర్సులో చేరడానికి మేం సిద్ధం అని నలభై మంది ఇంటర్ విద్యార్థుల దగ్గర సమ్మతి పత్రాలు తేవాలి. మేం ముగ్గురం జూనియర్ కాలేజీలు తిరిగాం. ఒక తండ్రి నన్ను చాలాసేపు విని, “ఇది సదివితే ఇంటర్నేషనల్‌కి మీరే పంపుతారా మేడం, మేమే ఎల్లాలా?” అని అడిగాడు. సమ్మతి పత్రాలు పదకొండు దగ్గర ఆగాయి. అందులో రెండు ఒకే చేతిరాతతో ఉన్నాయి.

ప్రిన్సిపాల్ నిరుత్సాహపడే మనిషి కాదు. గేటుకి పెద్ద బేనరు కట్టించారు. ‘బి.ఎ. అంతర్జాతీయ అధ్యయనాలు. విదేశీ వ్యవహారాలలో నిపుణుల పర్యవేక్షణ.’ నిపుణులు అంటే ఎవరండీ అని అడిగాను. “మీరేనండి” అన్నారు.

బేనరు కట్టిన నాలుగో రోజు ఒకావిడ నన్ను వెతుక్కుంటూ స్టాఫ్ రూముకి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఎండుచేపల తట్ట వరండాలో దించి, చెప్పులు విప్పి, గడప బయటే నిలబడింది.

“ఇదేసీ యవ్వారాల మేడమ్మ మీరేనా?”

ఆ హోదాలో నన్ను పిలిచిన మొదటి మనిషి ఆవిడే. లోపలికి రమ్మన్నాను.

“బేనరు సదివించుకున్నాను. ఇదేసీ యవ్వారం అని రాసినారు గదా. నా మొగుడిది అదే యవ్వారం తల్లీ.”

ఆవిడది భావనపాడు దాటాక తీరం వెంట ఉన్న ఒక పల్లె. అక్కడి మగవాళ్లు చాలామంది ఏటా పడమటి తీరానికి, అక్కడి రేవుల్లో పెద్ద బోట్ల మీద పనికి వెళ్తారు. ఆవిడ భర్త కూడా మరో ఆరుగురితో కలిసి వెళ్లాడు. బోటు సముద్రంలో సరిహద్దు గీత దాటి పక్క దేశం నీళ్లలోకి పోయింది. ఏడుగురినీ అక్కడివాళ్లు పట్టుకుని జైల్లో పెట్టారు. ఎవరి పేరూ రాయనన్నాను కాబట్టి ఆ దేశం పేరూ రాయను. అయిదు నెలలైంది. ఒక్కసారే ఉత్తరం వచ్చింది, అదీ వేరేవాళ్ల చేత రాయించింది.

నేనేం చేశానో ఇప్పుడు చెప్పాలి. సముద్ర చట్టం గురించి పావుగంట చెప్పాను. ఒడ్డు నుంచి ఎంత దూరం వరకు ఏ దేశానికి ఏ హక్కుంటుంది, ఆర్థిక మండలం అంటే ఏమిటి, ఏ ఒప్పందంలో ఏముంది, అన్నీ క్రమంగా, ఉపశీర్షికలతో సహా చెప్పాను. నా జీవితంలో అంత శ్రద్ధగా విన్న విద్యార్థిని ఇంకొకరు లేరు. అంతా అయ్యాక ఆవిడ అడిగింది.

“అయితే ఉత్తరం ఎవులికి రాయాల తల్లీ?”

నాకు తెలియదు. ఇది మా పని కాదమ్మా, చదువు చెప్పడం వరకే మాది, కలెక్టరు గారి పెద్దాఫీసుకి వెళ్లి అడుగు అన్నాను.

“ఎల్లినాను. సేపలాపీసు కాడికెల్లమన్నారు. ఆలు మల్లీ పెద్దాపీసుకే ఎల్లమన్నారు. అందరూ సదువుకున్నోలే.”

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఆవిడ నాకు దారి చెబుతున్నట్టుగా అంది, అంతే. తట్ట నెత్తికెత్తుకోవడానికి వంగుతుంటే చరిత్ర మాస్టారు లేచి సాయం పట్టారు. “సోమవారం రా అమ్మా. ఈలోగా మేడం కనుక్కుంటారు” అన్నారు. నన్ను అడక్కుండానే నాకు పని ఒప్పగించారు. ఆవిడ వెళ్లాక నావైపు తిరిగి, “మనకి ప్రాక్టికల్స్ గడి ఖాళీగా ఉండిపోనాది కదా మేడం” అన్నారు.

ఆ వారం నేను ఒక ఉత్తరం తయారు చేశాను. ఏడు పేజీలు. అంతర్జాతీయ ఒప్పందాలలోని క్లాజులన్నీ ఉదహరించాను. ఐక్యరాజ్యసమితికి ఒక ప్రతి కూడా పంపాలని అనుకున్నాను. ఇంగ్లీషు అమ్మాయి ఆ ఏడు పేజీలూ చదివి, చాలా మర్యాదగా, “మేడం, ఇందులో వాళ్ల ఊరు పేరు ఎక్కడుంది?” అని అడిగింది. వెతికాం. లేదు. ఆమె అప్పటికప్పుడు ఒక పేజీ ఉత్తరం టైపు చేసింది. ఏడుగురి పేర్లు, తండ్రుల పేర్లు, ఊరు, బోటు బయల్దేరిన రేవు, భార్యల ఫోన్ నంబర్లు, కింద రెండే రెండు కోరికలు: వీళ్లు మనవాళ్లేనని ఆ దేశానికి తెలియజేయండి, మన రాయబారి మనిషి వెళ్లి వీళ్లను చూసేలా చేయండి. ఢిల్లీలో విదేశాంగ శాఖలో ఏ విభాగానికి పంపాలన్నది తెలుసుకోవడానికి ఆమెకు ఫోన్ మీద ఒక మధ్యాహ్నం పట్టింది. నేను ముప్పై ఏళ్లు చెప్పిన పాఠంలో ఆ చిరునామా లేదు.

నెల తర్వాత జవాబు వచ్చింది. ఇలాంటి వాటికి జవాబు వస్తుందని మేమెవరం అనుకోలేదు, కాబట్టి కవరు చూసి ముందు భయపడ్డాం. ఏడుగురిలో ఆరుగురు మన పౌరులేనని నిర్ధారణ అయిందనీ, విడుదల జాబితాలో చేరుస్తున్నారనీ అందులో ఉంది. ఏడో వ్యక్తి విషయంలో మాత్రం, ‘స్థానిక విచారణ ప్రకారం సదరు వ్యక్తి స్వగ్రామంలోనే, ఆరోగ్యంగా ఉన్నట్టు నివేదిక అందినది’ అని ఉంది.

ఏడో వ్యక్తి ఆవిడ భర్తే.

ఆవిడకు ఆ వాక్యం చదివి వినిపించాను. “ఆరోగ్యంగా ఉన్నాడంటన్నారా?” అని అడిగింది. ఆ ఒక్క ముక్క మీదే ఆవిడకు ఆశ.

చరిత్ర మాస్టారి శిష్యుడొకడు ఆ పల్లె కిందికొచ్చే పోలీసు స్టేషన్లో రైటరు. మేం ముగ్గురం, ఆవిడా కలిసి వెళ్లాం. రైటరు మాస్టారికి కుర్చీ వేసి, రిజిస్టరు తీశాడు.

“ఉన్నాడు సార్. ఇంటికాడే ఉన్నాడు. మా కానిస్టేబులు స్వయంగా ఎల్లి సూసొచ్చినాడు.”

“ఎవుల్ని సూసినారు బాబూ?” అంది ఆవిడ.

“ఆ పేరు మనిషినే. పేరెట్టి పిలిస్తే పలికినాడు. ఒడ్డున కూకుని వల బాగు సేసుకుంటన్నాడంట.”

ఆవిడ నుదురు పట్టుకుంది. “ఓలమ్మో. ఆడు మా ఆడపడుసు మొగుడు బాబూ. మా ఊల్లో అమ్మోరి పేరు ఇంటికొకడికి ఉంటాది.”

ఆ కానిస్టేబులుది పెద్ద తప్పని కూడా అనలేను. ఆయన పేరు అడిగాడు, ఆ పేరు మనిషి పలికాడు, ఆయన రాసుకున్నాడు. తండ్రి పేరు కూడా అడిగి ఉంటే సరిపోయేది. కానీ మా ఉత్తరంలో రాసినా, పైనుంచి ఆయన చేతికొచ్చిన కాగితంలో తండ్రి పేరు లేదు. మొత్తం మీద ఒక మనిషి ఒకే సమయంలో పరాయి దేశం జైల్లోనూ, మా జిల్లా ఒడ్డునా ఉన్నట్టు తేలింది. వల బాగు చేసుకుంటున్నవాడు కళ్లెదుట ఉన్నాడు కాబట్టి అతనే నిజం అయ్యాడు. జైల్లో ఉన్నవాడు ఎవరో తెలియని మనిషి అయిపోయాడు.

రైటరు మంచివాడు. తప్పు దాచిపెట్టే ప్రయత్నం చేయలేదు. “కాయితాలన్నీ గెజిటెడ్ సంతకాలతో తెండి మాస్టారూ. రేషన్ కార్డు, ఆధార్, పెళ్లి ఫొటో, ఊరోల సాక్ష్యం. ఆ రెండో మనిషి సేత కూడా, నేను ఆడిని కాదు అని రాయించి తెండి. మా సీఐ గారితో నేను మాటాడి మల్లీ ఎంక్వైరీ రాయిస్తాను. కానీ గురువారం సాయంత్రం లోపల రావాల. శుక్రవారం నివేదిక ఎల్లిపోతాది. అది దాటితే ఈ జాబితాలో ఉండడు. మల్లీ జాబితా ఎప్పుడో నాకు తెలవదు.”

ఆ గురువారమే మా కోర్సు మంజూరు కోసం విశ్వవిద్యాలయం నుంచి నిపుణుల బృందం వస్తోంది.

ఆవిడను ఉదయం తొమ్మిదికల్లా కాగితాలతో కాలేజీకి రమ్మని, పది లోపల ప్రిన్సిపాల్ చేత సంతకాలు పెట్టించి పంపేద్దామని అనుకున్నాం. బృందం వచ్చేది పదకొండుకి. లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. ముందురాత్రి వాన పడి, పల్లె దారిలో ఆటో దిగబడింది. వాళ్లు మా గేటు దగ్గరకు వచ్చేసరికి బృందం కారు కూడా గేటు దగ్గరే ఉంది.

ఆవిడ ఒక్కతే రాలేదు. మిగతా ఆరుగురి భార్యలు, ముగ్గురు నలుగురు ముసలివాళ్లు, ఆ రెండో మనిషి, అంతా వచ్చారు. కూర్చోబెట్టడానికి ఖాళీగా ఉన్నది సెమినార్ హాలు ఒక్కటే. బృందం కోసం దాన్ని మా విద్యార్థులు అలంకరించారు. గోడల నిండా ప్రపంచ దేశాల జెండాలు. ఆ జెండాల కింద వాళ్లంతా వరుసగా కింద కూర్చున్నారు. కుర్చీల్లో కూర్చోమంటే, తడి బట్టలతో ఎందుకని కూర్చోలేదు.

ప్రిన్సిపాల్ వచ్చి చూశారు. ఆయన ముఖం చూసి నేను భయపడ్డాను. ఆ కోర్సు కోసం ఆయన ఎంత తిరిగారో నాకు తెలుసు.

“ఇవాళేనా మేడం?”

“ఇవాళేనండి. సాయంత్రం దాటితే కుదరదు.”

ఆయన ఒక్క క్షణం కారువైపు చూశారు. తర్వాత జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీశారు. “బృందానికి టీ ఇమ్మనండి. టిఫిను కూడా పెట్టమనండి. నెమ్మదిగా తినమనండి” అని, జెండాల కింద ఉన్న బల్ల దగ్గర కూర్చుని సంతకాలు మొదలుపెట్టారు. ప్రతి పేజీ చదివి, ఒరిజినల్‌తో సరిచూసి మరీ పెడుతున్నారు. రసాయన శాస్త్రం మనిషి. తూకం తప్పకూడదు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఆ రెండో మనిషి మొరాయించాడు. ఇంగ్లీషు అమ్మాయి అతని వాంగ్మూలం తెలుగులో టైపు చేసి తెచ్చి చదివి వినిపించింది. ‘నేను ఏ విదేశీ జైలులోనూ లేను. ఎన్నడూ లేను. విచారణకు వచ్చిన రోజున ఒడ్డున కనిపించినది నేనే.’ అతను వేలు వెనక్కి లాక్కున్నాడు.

“నాను జైల్లో లేనని నాను రాసియ్యాలా? రేపు ఇంకెవులైనా వొచ్చి, మరి ఎక్కడున్నావురా అనడిగితే? ఉన్న పేరు ఆడికిచ్చేస్తే నానెవుల్ని?”

నేను వ్యక్తి గుర్తింపు, రాజ్యం అని ఏదో మొదలుపెట్టబోయి మానేశాను. ఆవిడ లేచి అతని ముందుకొచ్చి నిలబడింది.

“అన్నియ్యా, నీ పేరు ఎవులికి కావాల? నీ పేరు నీ కాడే ఉంటాది. ఆడి పేరు ఆడికియ్యి. నాను నీకు సెల్లెల్ని, ఆడు నా మొగుడు. ఆడక్కడ ఎవుడూ కానోడయిపోతన్నాడు.”

అతను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. చివరికి, “ఆడొచ్చినాక ఈ కాయితం సింపేస్తారా?” అని ప్రిన్సిపాల్‌ని అడిగాడు. “నేనే దగ్గరుండి చింపిస్తానండి” అన్నారు ప్రిన్సిపాల్, పూర్తి గౌరవంతో. అతను వేలిముద్ర వేశాడు.

సరిగ్గా అప్పుడు బృందం హాల్లోకి వచ్చింది. పెద్దాయన ఒక ప్రొఫెసరు. సముద్ర సరిహద్దుల మీద పుస్తకాలు రాసినాయన. ఆయన వ్యాసాలు మా సిలబస్‌లో కూడా పెట్టాం, కొంత ఆయన మెప్పు కోసమే. ఆయన హాలంతా చూసి, వీళ్లెవరని అడిగారు.

ప్రిన్సిపాల్ నావైపు చూశారు. అంతర్జాతీయ అవగాహన శిబిరం అనో, మరోటనో చెప్పమని ఆ చూపు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ప్రొఫెసరు వాంగ్మూలం తీసుకుని రెండుసార్లు చదివారు. ఆయన చెడ్డవారు కారు. ఆవిడ పక్కకు వచ్చి, “నేను ఈ సముద్రం సరిహద్దుల మీదే చాలా ఏళ్లు పరిశోధన చేశానమ్మా” అన్నారు.

“అయితే ఆ గీత ఎక్కడున్నాదో మీకు తెలుసా బాబూ?”

“తెలుసమ్మా. మ్యాపులో అయితే వేలు పెట్టి చూపించగలను.”

“నీటిమీద?”

ఆయన కొంచెం ఆలోచించి, “నీటిమీద తెలీదు” అన్నారు.

“మా ఆయనకీ అదే తెలవలేదు” అంది ఆవిడ.

తర్వాత అంతా తొందరగా జరిగింది. చివరి సంతకం అయ్యేసరికి పన్నెండు దాటింది. ఆ బృందం ముందు కోర్సును వివరించాల్సింది నేను. స్లైడ్లు నావి, ఆ రోజు కట్టుకున్న చీర కూడా దానికోసం కొన్నదే. కాగితాలు పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాల్సింది చరిత్ర మాస్టారు. కానీ విచారణలో అధ్యాపకురాలి వాంగ్మూలం కూడా కావాలని రైటరు ఫోన్ చేశాడు, మొదటి ఉత్తరం మీద సంతకం నాది కాబట్టి. స్లైడ్లు ఇంగ్లీషు అమ్మాయి చేతికిచ్చి, నేను ఆటో ఎక్కాను. ఆమె నేను గంటన్నర మాట్లాడాలనుకున్నది పన్నెండు నిమిషాల్లో ముగించిందట. ఫ్రెంచ్ ఎవరు చెబుతారని అడిగితే, ఎవరూ లేరని నిజం చెప్పిందట.

మేం వెళ్లేసరికి సీఐ గారు భోజనానికి లేస్తున్నారు. కట్ట చూసి మళ్లీ కూర్చున్నారు. సాయంత్రానికి కొత్త నివేదిక తయారైంది. అందులో ఆవిడ భర్త పేరు, అతని తండ్రి పేరు, తాత పేరు కూడా ఉన్నాయి. ఈసారి పొరపాటు జరగకూడదని రైటరు ముత్తాత పేరు కూడా అడిగాడు. ఆవిడకు తెలియదు.

మా కోర్సు మీద నివేదిక ఆరు వారాల తర్వాత వచ్చింది. మంజూరు కాలేదు. విదేశీ భాషకు అధ్యాపకులు లేరు, గ్రంథాలయం చాలదు, సమ్మతి పత్రాలు తక్కువ. ఇవన్నీ న్యాయమే. చివరి వాక్యం మాత్రం నేను ప్రిన్సిపాల్ గదిలో పైకి చదివాను: ‘ఈ కోర్సుకు స్థానికంగా అవసరం ఉన్నట్టు ఆధారాలు కనిపించలేదు.’ చరిత్ర మాస్టారు మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. ప్రిన్సిపాల్ ఫైలు మీద ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టారు. బేనరు విప్పించి, ఎండకి తడవకుండా, వానకి ఎండకుండా సైకిల్ స్టాండు మీద కప్పించారు. ఈ మాట ఆయనే అలా తిరగేసి అన్నారు. ఆయన ఆ రోజు చేసిన హాస్యం అదొక్కటే.

ఆరుగురు ఆ వేసవిలో వచ్చారు. కొత్త నివేదిక వెళ్లింది గానీ, దారిలో ఏ బల్ల మీద ఆగిందో, ఏడో పేరు ఆ జాబితాకి అందలేదు. ఆ సంగతి రైలు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఆవిడ కూడా మిగతావాళ్లతో పాటు స్టేషన్‌కి వెళ్లింది. ఆరుగురు దిగారు. రైలు కదిలేదాకా ఆవిడ తలుపులన్నీ చూస్తూ ప్లాట్‌ఫారం మీదే నిలబడిందని చరిత్ర మాస్టారు చెప్పారు. ఆ రోజు నేను వెళ్లలేదు. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. నిజానికి అలాంటిదేదో జరుగుతుందేమోనని భయపడ్డాను. ఇది కూడా రాయాలి కదా, రాస్తున్నాను.

మర్నాడు ఆవిడ కాలేజీకి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. “మల్లీ ఉత్తరం రాయండి తల్లీ. ఈసారి తేదీ కూడా అడగండి” అంది. రాశాం. నెలకొకటి రాశాం. ఇంగ్లీషు అమ్మాయికి ఆ జూన్‌లో ఉద్యోగం పొడిగించలేదు. అయినా ఆమె విజయనగరం నుంచి టైపు చేసి పంపేది.

ఏడో మనిషి మరో అయిదు నెలలకు వచ్చాడు.

ఇంటికి వచ్చిన వారానికి భార్యాభర్తలిద్దరూ కాలేజీకి వచ్చారు. వెంట రెండో మనిషి కూడా ఉన్నాడు, తన కాగితం చింపించుకోవడానికి. అసలు కాగితం ఢిల్లీలో ఉందని నచ్చజెప్పి, ప్రిన్సిపాల్ ఆఫీసు కాపీని అతని ముందే నాలుగు ముక్కలు చేశారు. అతను ఆ ముక్కలు కూడా జేబులో వేసుకున్నాడు.

అతన్ని, అంటే ఆవిడ భర్తని, కూర్చోబెట్టి టీ తెప్పించాను. బక్కగా, నెమ్మదిగా ఉన్నాడు. అక్కడ ఎలా చూశారని అడిగాను.

“తిండెట్టినారు మేడం. వారం వారం వొచ్చి నువ్వెవుడివి అనేవోరు. ఇండియావోణ్ని అనేవోణ్ని. సరే అని రాసుకునేవోరు.” టీ ఒక గుక్క తాగాడు. “అక్కడ రోజూ నన్ను ఇండియావోడనే పిలిసినారు. ఇక్కడే కాదన్నారంట.”

అతను కోపంగా అనలేదు. ఎవరిదో కబురు చెప్పినట్టు చెప్పాడు. నేను చాలా క్లాసుల్లో చాలా ప్రశ్నలకు జవాబులు చెప్పాను. ఆ మధ్యాహ్నం ఇంకో టీ పోయించాను.

డిగ్రీకి పై అనుమతి కావాలి గానీ, ముప్పై గంటల సర్టిఫికెట్ కోర్సుకి అక్కర్లేదు. అది ప్రిన్సిపాల్ ఉత్తర్వుల్లో వెతికి పట్టుకున్నారు. నా ఆఖరి ఏడాది దాన్ని నడిపాం. ఫ్రెంచ్ లేదు. ఒరియా ఉంది, చరిత్ర మాస్టారే చెప్పారు. పాఠం మొత్తం ఒక్క కాగితం చుట్టూ తిరుగుతుంది. ఊరు విడిచి పనికి వెళ్లే ప్రతి మనిషికీ ఒక పత్రం నింపాలి: పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఇంటి గుర్తు, ఎక్కే బోటు, యజమాని ఫోను, ఫొటో. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి కాలేజీలో. విద్యార్థులు పల్లెలకు వెళ్లి నింపుకొచ్చేవారు. మొదటి విడత కోర్సులో పందొమ్మిది మంది చేరారు. అందరివీ వేరువేరు చేతిరాతలే.

మీరు ఎప్పుడైనా ఇలాంటి కోర్సు తయారు చేయాల్సి వస్తే, ఢిల్లీ సిలబస్ దింపుకోవద్దని నేను అనను. దింపుకోండి, గడులు నింపడానికి పనికొస్తుంది. కానీ మీ కాలేజీ గేటు ముందు నుంచి రోజూ ఎవరు నడిచి వెళ్తున్నారో ఒక వారం గమనించాక దింపుకోండి. మేం బేనరు కట్టాక గమనించాం. అదీ మేం గమనించలేదు, ఆవిడే లోపలికి వచ్చింది.

నేను రిటైరయ్యే ముందు, వేట నిషేధం అయిపోయిన వారంలో, అతను మళ్లీ పడమటి రేవుకి బయల్దేరుతూ పత్రం నింపించుకోవడానికి వచ్చాడు. మళ్లీ అక్కడికేనా అని అడగబోయి ఊరుకున్నాను. ఇంకెక్కడికి వెళ్తాడు? మా విద్యార్థిని ఒకమ్మాయి ఒక్కొక్క గడీ అడిగి రాసింది. పుట్టుమచ్చలు రాసింది, పచ్చబొట్టు రాసింది. చివరి గడి దగ్గరకొచ్చింది.

“ఏదైనా జరిగితే ముందు ఎవరికి తెలియజేయాలి? కలెక్టర్ గారికా, మత్స్యశాఖకా?”

“మా ఇంటిదాని పేరు రాయమ్మా” అన్నాడు అతను. “దానికి తెలిస్తే ఢిల్లీకి తెలిసినట్టే.”